మాస్టారి మిట్‌లో చప్పుడు

ఛత్తీస్‌గఢ్ నీళ్ళు తాగి తయారైన బేస్‌బాల్ పిచ్చర్లలో ఆఖరివాణ్ణి నేనే. నవ్వకండి. పొద్దున్నే మోవా మైదానంలో నేను విసిరిన బంతి మాస్టారి మిట్‌లో పడితే, ఆ ‘ఠప్’ అనే చప్పుడుకి ఓవర్‌బ్రిడ్జి మీద పోయే స్కూటర్లు నెమ్మదించేవి. పాలవాడు క్యాను కిందికి దించి చూసేవాడు. ఎందరెందరి బంతులో పట్టిన మాస్టారు, నా బంతి పడ్డాక మాత్రం ‘అబ్బా’ అని చెయ్యి విదిలించుకునేవారు.

ఈ మాటలన్నీ పోయిన నెల, మాస్టారు పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో మైకు పట్టుకుని చెప్పినవే. పాస్టరుగారు “రెండు మాటలు చెప్పండి” అన్నారు. నేను రెండుతో ఆగే మనిషిని కాను. షామియానా కింద కూర్చున్నవాళ్ళలో సగంమంది నవ్వారు. అలాంటి చోట నవ్వొచ్చో లేదో తెలియక మిగతా సగం చేతిరుమాళ్ళు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. సిస్టరమ్మ మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. సిస్టరమ్మ అంటే మాస్టారి భార్య. ఉద్యోగమంతా ఆసుపత్రిలో నర్సుగా చేసింది. కళ్ళద్దాల మీదుగా నన్నే చూస్తూ కూర్చుంది. నొప్పి ఎక్కడో చెప్పకుండా కేకలు పెట్టే రోగిని చూసే చూపు అది.

నా మాటల్లో తగ్గించాల్సినవి కొన్ని ఉన్నాయి. తగ్గిస్తాను. ముందు మనిషిని చూపించనివ్వండి.

మాస్టారి పేరు రాయను. రాయపూర్‌లో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి లేరు. ఆ ఊళ్ళోనే మోవా పేటలో ఓ బడిలో పీటీ మాస్టారు. కోనసీమ మనిషి. మాట చివర ‘అండీ’ లేకుండా కుక్కని కూడా అదిలించలేరు. నాది పాలకొండ వైపు. ఉర్లాలో ఓ రోలింగ్ మిల్లులో సామాన్లు కొనే గుమాస్తాగా చేరి, అక్కడే జుట్టు తెల్లబడ్డవాణ్ణి. “మీరు మాట్లాడుతుంటే కొట్టుకుంటున్నట్టు ఉంటదండీ” అని ఆయన, “మీరు కొట్టుకున్నా కబుర్లాడినట్టే ఉంటాది” అని నేను. చుట్టూ అంతా హిందీ, ఛత్తీస్‌గఢీ. అందులో ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురుపడితే, ఎంత వేరు వేరు తెలుగైనా ఓ పూట గడిచిపోతుంది.

ఆయన గుర్తొస్తే ముందు కళ్ళకి కట్టేది గొంతుక్కూర్చున్న మనిషి. బస్సు కోసం, రేషన్ కోసం, చర్చి వరండాలో చెప్పులు విప్పినవాళ్ళ కోసం, ఎక్కడైనా సరే మడమల మీద కూర్చుని, ఎడమ అరచెయ్యి ముందుకి చాపి ఎదురుచూసేవారు. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. బ్యాటువాడి వెనకాల అలా గొంతుక్కూర్చుని ఆ బంతిని పట్టేవాడు క్యాచర్. వాడి ఎడమ చేతికి దిండంత లావు తోలు తొడుగు ఉంటుంది. దాన్నే మిట్ అంటారు. మాస్టారు పడుచుతనంలో క్యాచర్. పడుచుతనం పోయినా ఆ కూర్చోవడం పోలేదు.

చెయ్యి కలిపితే ఓ పట్టాన వదిలేవారు కాదు. తిప్పి చూసేవారు. వేళ్ళ పొడవు, మణికట్టు, బొటనవేలి మొదలు. జాతకం చెబుతారేమో అనుకుని ఒకాయన దక్షిణ తీశాడు కూడా. పెళ్ళికి వస్తే భోజనం దగ్గర కాదు, అక్షింతల దగ్గర నిలబడేవారు. అందరూ దగ్గరికి వెళ్ళి వేస్తుంటే, వెనక వరసలోంచి విసిరి సరిగ్గా పెళ్ళికొడుకు తలపాగా మీద వేసినవాడెవడా అని వెతికేవారు. ఓసారి మా మిల్లుకొచ్చి గేటు దగ్గరే ఆగిపోయారు. లోపల ఓ కూలీ తుక్కు ముక్కలు ఏరి కుప్ప మీదికి విసురుతున్నాడు.

“గురూగారూ, ఆ అబ్బాయిది ఎడంచేతి వాటమాండీ?”

“నాకేటి తెలుసు మాస్టారూ? ముక్కలు సరిగ్గా ఏరుతున్నాడా లేదా అన్నదే మాకు కావాల.”

“అలా అనకండి. మోచెయ్యి చూడండి, ఎంత పైకి లేస్తుందో!”

ఆ కూలీ మర్నాటినించి పనిలోకి రాలేదు. కాంట్రాక్టరు మనిషి తన మీద నిఘా పెట్టాడనుకున్నాడట.

నా చెయ్యి కూడా చూశారు, మొదటి పరిచయంలోనే. చాలాసేపు చూసి, మర్యాదగా వదిలిపెట్టి, “కలం పట్టుకోడానికి బాగుంటదండీ” అన్నారు.

ఆ పరిచయం ఎలా అయిందంటే, మా వంటింటి కిటికీ గాజు పగిలింది. మోవాలో మా ఇంటి వెనక వీధిలో ఒకావిడ డాబా మీద బడీలు ఎండబెట్టేది. మన వడియాల్లాంటివే. కోతులొచ్చి వాటిని ఎత్తుకుపోతుంటే ఆవిడ కొడుకు రాళ్ళతో తరిమేవాడు. ఓ కోతి మా డాబా మీదికి దూకి, పిట్టగోడ మీద కూర్చుని తాపీగా తింటోంది. వాడు విసిరాడు. కోతి వంగింది. మా ఆవిడ లోపల బియ్యం కడుగుతోంది. రాయి గాజు పగలగొట్టుకుని వచ్చి సరాసరి బియ్యం గిన్నెలో పడింది. ఆవిడకి ఏమీ కాలేదు. ఏమీ కానందుకు ఇంకా గట్టిగా అరిచింది.

మర్నాడు సాయంత్రం గుమ్మంలో తెల్ల బనీను, నీలం ట్రాకు ప్యాంటుతో ఓ మనిషి.

“గాజు పగిలింది ఇక్కడేనాండీ?”

“ఇక్కడే. మీరు వాడి తాలూకానా?”

“కాదండీ. ఎక్కణ్ణించి విసిరాడో కాస్త చూపిస్తారా?”

“కేసు రాస్తారేటి?”

“అబ్బెబ్బే. చెయ్యి చూడాలండీ.”

వంటింట్లోకి తీసుకెళ్ళాను. పగిలిన గాజులోంచి ఆ డాబా చూశారు. మధ్యలో ఓ ఇల్లు, ఓ నీళ్ళ ట్యాంకు, బట్టలారేసే తీగ. ట్యాంకుకీ తీగకీ మధ్య సందు చూశారు. ఆ మొహంలో వచ్చిన వెలుగు నేను చాలా కొద్దిమంది మొహాల్లో చూశాను, అదీ కొడుకు పుట్టాడని తెలిసినప్పుడు.

“గురూగారూ! అదృష్టవంతులండీ మీరు.”

వెనకనించి మా ఆవిడ అంది: “గాజూ మాదే పగిలింది, అదృష్టమూ మాదేనేటి? బాగుందయ్యా!”

ఆ అదృష్టం పేరు దుర్గేశ్. పంతొమ్మిదేళ్ళవాడు. చదువు కాలేజీలో, మనసు క్రికెట్‌లో.

ఇక్కడ మాస్టారు కోచ్‌గా ఉన్న మా రాష్ట్ర బేస్‌బాల్ జట్టు గతి చెప్పాలి. రాష్ట్రం కొత్తగా విడిపడ్డ రోజులవి. రాయపూర్ రాజధాని అయింది. బోర్డులన్నీ మారాయి. ఆఫీసులు పంచుకున్నారు, ఫైళ్ళు పంచుకున్నారు, కుర్చీలు పంచుకున్నారు. బేస్‌బాల్ జట్టు మాత్రం పంపకంలో వింతగా వచ్చింది. పిచ్చర్లందరూ పాత రాష్ట్రం వైపు ఉండిపోయారు. మాకు వచ్చింది పరుగెత్తేవాళ్ళు, పట్టేవాళ్ళు, ఓ బ్యాట్ల పెట్టె. పిచ్చర్ లేని బేస్‌బాల్ జట్టంటే పెళ్ళికొడుకు లేని ఊరేగింపు. అందుకని ప్రతి పోటీకీ ఎక్కణ్ణించో ఒకణ్ణి అరువు తెచ్చుకునేవాళ్ళం. అతను రైలు దిగుతాడు, విసురుతాడు, దండ వేయించుకుంటాడు, రైలెక్కుతాడు. మళ్ళీ ఏడాది అదే మనిషి ఎదుటి జట్టులో కనిపించి నమస్కారం పెడతాడు.

“అరువు చేత్తో గెలిస్తే గెలిచినట్టేనాండీ?” అనేవారు మాస్టారు. “ఒక్కడు చాలండీ. ఇక్కడ పుట్టి, ఇక్కడ నేర్చుకుని, పాతోళ్ళ మీద మన చొక్కా వేసుకుని నిలబడేవాడు. ఒక్కడు.”

ఆ ఒక్కడు దొరికేవాడు కాదు. చెయ్యి బాగున్నవాణ్ణి క్రికెట్ ఎగరేసుకుపోయేది. కాళ్ళు బాగున్నవాడు పోలీసు సెలక్షన్‌కి పోయేవాడు. మాకు మిగిలేది మనసు బాగున్నవాళ్ళు. పోనీ క్రికెట్‌లో మిగిలిపోయినవాళ్ళని తెచ్చుకుంటే, చెయ్యి వంచకుండా గుండ్రంగా తిప్పి వేసే అలవాటు వాళ్ళకి ఎముకల్లో ఉంటుంది. బేస్‌బాల్‌లో అచ్చంగా రాయి విసిరినట్టు విసరాలి. అందుకే మాస్టారు మైదానాలు వదిలేసి పగిలిన గాజుల వెంట పడ్డారు. ఊళ్ళో ఎక్కడ కిటికీ పగిలినా, పడిన మామిడికాయ గురించి ఎక్కడ తగువు జరిగినా, ఆయన చెవిన పడేది. ఆయన వెళ్ళేవారు. విసిరినవాడి తరఫున తిట్లు తిని, వాడి చిరునామా తెచ్చుకునేవారు.

దుర్గేశ్‌ని ఆయన తయారుచేసిన తీరు నేను దగ్గరుండి చూశాను. జట్టుకి నేను మేనేజర్నని అందరికీ చెప్పుకున్నాను, కూడికలో కూడా చెప్పాను. చాయ్ ఫ్లాస్కూ గొడుగూ మోసేవాణ్ణి మేనేజరంటే తప్పేమీ లేదు కదా! పొద్దున్నే ఇద్దరూ ఎదురెదురుగా. వాడు విసరడం, ఈయన పట్టడం. మాటలు తక్కువ. బాగా పడితే “ఆయ్!” అనేవారు. పడకపోతే ఏమీ అనేవారు కాదు. మిట్‌ని వాడు గురి తప్పినచోటి నుంచి నెమ్మదిగా సరైన చోటికి తెచ్చి అక్కడే పట్టుకుని ఉండేవారు, ఎంతసేపైనా. వాడు మళ్ళీ అక్కడికి విసిరేదాకా. ఇంటికెళ్ళేసరికి ఆయన ఎడమ అరచెయ్యి ఎర్రగా ఉబ్బి ఉండేది. సిస్టరమ్మ పసుపు పెట్టి తిట్టేది.

విసిరాక దుర్గేశ్ మోచేతిని మంచుగడ్డలున్న బకెట్లో పెట్టించడం ఆయన నియమం. ఆ మంచు చేపల బజారునించి వచ్చేది. అక్కడ తెలిసిన మనిషి ఉన్నాడు, ఎంత కావాలంటే అంత ఇచ్చేవాడు. కోనసీమ ముక్కుకి చేపల వాసన వాసనే కాదు. నాకూ పట్టలేదు. మా ఇద్దరికీ తట్టని సంగతి ఒకటుంది. దుర్గేశ్ వాళ్ళది కబీర్‌పంథీ ఇల్లు. గుడ్డు కూడా గడప దాటదు.

ఓ రోజు వాళ్ళమ్మ కొంగు నడుముకి బిగించి మైదానంలోకే వచ్చేసింది. చిన్నమనిషి. గొంతుకి మాత్రం మైదానం చాలలేదు.

“మోర్ లైకా లా మఛరీ ఖవాథస్, గురుజీ?” అని అరిచింది. నా కొడుక్కి చేపలు తినిపిస్తున్నావా అని. వాడి చొక్కా చేతి నిండా ఆ వాసనేనట. వాడు ఒట్టేసినా నమ్మలేదట. ఇవాళ్టితో ఆట లేదు, ఏమీ లేదు, పద ఇంటికి అని వాడి రెక్క పట్టుకుంది.

సరిగ్గా విసిరే చేతినే పట్టి గుంజింది. మాస్టారు అది చూసి తట్టుకోలేకపోయారు.

“అమ్మా, కుడి చెయ్యి వదలండి! ఎడమది పట్టుకుని లాక్కెళ్ళండి!” అన్నారు, తెలుగులో. ఆ కంగారులో హిందీ రాలేదు.

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, మనిషి గొంతు విని చెయ్యి వదిలేసింది. అప్పుడాయన బకెట్ తెచ్చి ఆవిడ ముందు పెట్టి, తన చెయ్యి ముంచి తీసి, వాసన చూడమని చాపారు. చూసింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కోపం తగ్గలేదు. అర్థమైందంతే. వాడు వారం రోజులు రాలేదు. ఆ వారమూ మాస్టారు రోజూ వెళ్ళి, ఎదురుగా ఎవరూ లేకపోయినా కాసేపు గొంతుక్కూర్చుని వచ్చేవారు.

వారం తర్వాత సిస్టరమ్మ ఇంట్లో ఫ్రిజ్‌లో పాలు, కూరలు అన్నీ ఇవతలికొచ్చాయి. గిన్నెలు, డబ్బాలు, ఆఖరికి ఇడ్లీ రేకుల్లో కూడా నీళ్ళు పోసి గడ్డ కట్టించింది. “మా ఇంట్లో చల్లగా ఉన్నది ఒక్క ఆ కుర్రాడి మోచెయ్యే” అనేది. ఆ ఇడ్లీ ఆకారం మంచుముక్కలు చూపించాక వాళ్ళమ్మ కొడుకుని పంపింది. ఓ డబ్బా నిండా బడీలు కూడా పంపింది.

పోటీ రాయపూర్‌లోనే జరిగింది. మొదటిరోజు దుర్గేశ్ విసిరాడు. అవతలివాళ్ళ బ్యాట్లు గాలిని కొట్టి కొట్టి అలిసిపోయాయి. గెలిచాం. మర్నాడు ఫైనల్, పాత రాష్ట్రంతో. మాస్టారు అడిగిన ఆట సరిగ్గా అదే. కానీ ముందునించీ ఆయన అనుకున్నది ఒకటి. మొదటి ఆట అరువు పిచ్చర్‌తో ఆడించి, దుర్గేశ్‌ని దీనికి దాచాలని. అరువు పిచ్చర్ రైలు రాలేదు. అందుకని వాణ్ణి ముందురోజే దించాల్సి వచ్చింది. ఫైనల్ పొద్దుటికి కూడా ఆ మహానుభావుడు దిగలేదు.

కుర్రాణ్ణి దించమని జట్టు కార్యదర్శి వచ్చాడు. “మాస్టర్‌జీ, లడ్కే కో ఉతారియే.”

“నై సాబ్. ఆజ్ నై. నిన్ననే అంతసేపు విసిరాడు. హాథ్ ఖరాబ్ హో జాయేగా.”

“ఏక్ దిన్ కీ తో బాత్ హై!”

“ఒక్కరోజు మాటేనండీ,” అని మాస్టారు నా వైపు తిరిగి తెలుగులో అన్నారు, ఆయనతో చెప్పలేక. “చెయ్యి పోయేది కూడా ఒక్కరోజులోనే కదండీ.”

విసరగలను, నొప్పేమీ లేదని దుర్గేశ్ కూడా బతిమాలాడు. “సర్, మై ఫేంక్ లూంగా. దర్ద్ నహీ హై.” మాస్టారు వాడి మోచేతి లోపలి వైపు బొటనవేలితో మెల్లగా నొక్కారు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన అటు చూశారు. పాత రాష్ట్రంవాళ్ళు చొక్కాలు దోపుకుంటున్నారు. ఇటు చూశారు. జీవితమంతా అడిగిన ఆట ఎదురుగా ఉంది. అడిగిన మనిషీ పక్కనే ఉన్నాడు. నన్ను బకెట్ తెమ్మన్నారు. తెచ్చాను. కార్యదర్శి చూస్తుండగా, జట్టంతా చూస్తుండగా, దుర్గేశ్ కుడి చెయ్యి మోచేతి పైదాకా మంచులో ముంచేశారు. చల్లబడ్డ చెయ్యి ఆ పూట ఇంక విసరలేదు. ఎవరికీ వాదించడానికి ఏమీ మిగల్లేదు.

మూడో బేస్ దగ్గర నిలబడే కుర్రాణ్ణి పిచ్చర్‌గా దించారు. చిత్తుగా ఓడిపోయాం. ఎంత చిత్తుగానంటే, చివరికి పాత రాష్ట్రంవాళ్ళే సిగ్గుపడి మెల్లగా కొట్టారు. ఆ బకెట్ ఆలోచన నాదేనని కూడికలో చెప్పాను. కాదు. నాది బకెట్ ఒక్కటే. అదీ మా ఇంట్లో బట్టలుతికేది.

ఆ తర్వాత మాస్టారికి కోచ్‌గా పిలుపు రాలేదు. దుర్గేశ్ చెయ్యి నిలబడింది. నిలబడ్డ చేతికి గిరాకీ ఉంటుంది. ఏడాది తిరక్కుండా వేరే రాష్ట్రంలో ఉద్యోగం ఇచ్చి, అక్కడి జట్టులో వేసుకున్నారు. వాళ్ళమ్మ ఏడ్చింది. మాస్టారు స్టేషన్‌కి వెళ్ళారు, నేనూ వెళ్ళాను. రైలు కదిలేదాకా ప్లాట్‌ఫామ్ మీద గొంతుక్కూర్చునే ఉన్నారు. కిటికీలోంచి వాడు చెయ్యి ఊపితే, “బర్ఫ్ మత్ భూల్‌నా!” అని మాత్రం అరిచారు. మంచు మరిచిపోకు అని.

తిరిగొచ్చే ఆటోలో అడిగాను: “బాధగా లేదేటి మాస్టారూ? ఒక్కడు చాలన్నారు. ఆ ఒక్కడూ ఎల్లిపోయాడు కదా!”

“చెయ్యి బాగుంది కదండీ,” అన్నారు.

చాలా ఏళ్ళ తర్వాత ఎవరో దుర్గేశ్ ఆడుతున్న వీడియో ఫోన్‌కి పంపించారు. చిన్న తెర. తీసినవాడి చెయ్యి వణుకుతోంది. మాస్టారు ఫోన్‌ని కుర్చీ మీద, మంచినీళ్ళ చెంబుకి ఆనించి నిలబెట్టారు. కాసేపు నిలబడి చూశారు. తర్వాత ఆయనకి తెలియకుండానే మోకాళ్ళు పట్టుకుంటూ కుర్చీ ఎదురుగా గొంతుక్కూర్చున్నారు. ఎడమ చెయ్యి చాపారు. తెరలో దుర్గేశ్ విసిరినప్పుడల్లా ఆ ఖాళీ అరచెయ్యి మూసుకునేది. సిస్టరమ్మ వంటింటి గుమ్మంలో చపాతీ కర్ర పట్టుకుని చూస్తోంది. నేను సోఫాలో.

ఇక నా పిచ్చర్‌గిరీ సంగతి.

మిల్లులో రిటైరయ్యాక కొన్నాళ్ళకి మా ఆవిడ పోయింది. పిల్లలు వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో సుఖంగానే ఉన్నారు, రమ్మంటారు, నేనే వెళ్ళను. వంటింటి కిటికీకి కొత్త గాజు వేయించి ఎన్నో ఏళ్ళయినా, ఆవిడ దాన్ని ‘కొత్త గాజు’ అనే అనేది. నేను దాని పక్కన నిలబడి చాయ్ పెట్టుకుని, పొద్దున్నే మైదానం చుట్టూ తిరిగేవాణ్ణి. ఇంట్లో ఉంటే గోడగడియారం మరీ గట్టిగా వినపడుతుంది. మైదానం చుట్టూ అయితే కాకులుంటాయి, కుక్కలుంటాయి.

అలా తిరుగుతుండగా ఓ రోజు మాస్టారు కనబడ్డారు. ఆయనా రిటైరయ్యారు. మిట్ పెట్టుకుని, సంచీడు పాత బంతులు పక్కన పెట్టుకుని, గోడకి ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఎవరూ లేరు. దగ్గరికెళ్ళేదాకా నేనది ఆయనేనని పోల్చుకోలేదు. నా కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ చేయించుకోమని అందరూ అనేవారు. చేయించుకుని ఏం చూడాలిలే అని వాయిదా వేస్తూ వచ్చాను.

“ఎవరి కోసం మాస్టారూ?”

“వస్తాడేమోనండీ ఎవడైనా.”

నా మనసు కలుక్కుమంది. పిచ్చర్లందరూ పోయి, పదవి పోయి, ఖాళీ మైదానంలో గోడకి ముందు ఒంటరి మనిషి. సంచిలోంచి బంతి తీశాను.

“నేను విసురుతాను పట్టండి.”

“కలం పట్టే చెయ్యండీ అది!”

“చూద్దాం పట్టండి!”

విసిరాను. ‘ఠప్’ మంది. “ఆయ్!” అన్నారు.

ఆ ‘ఆయ్’ కోసం మర్నాడు వెళ్ళాను. ఆ మర్నాడూ. కొన్నేళ్ళు అలాగే గడిచింది. నాకు ఎదురుగా మాస్టారు ఓ తెల్ల బనీను మసకలాగా, ఓ గొంతుగా మాత్రమే ఉండేవారు. సంచి ఖాళీ అయ్యేదాకా నేను విసరడం, అటునించి ఠప్, ఠప్. ఆయ్. మధ్యమధ్య చెయ్యి విదిలించుకుంటూ, “ఇవాళ మంచి జోరు మీదున్నారండీ!” ఆ తర్వాత ఆయన తీరిగ్గా బంతులన్నీ ఏరుకుని వచ్చి సంచిలో వేసేవారు. గోడ నీడలో కూర్చుని చాయ్ తాగేవాళ్ళం. ఆయన గ్లాసు పట్టుకున్న కుడిచేతి మెటికల మీద ఎప్పుడూ ఓ ప్లాస్టరు ముక్క అంటించి ఉండేది. వయసు మీద పడ్డాక ఎక్కడో ఒకచోట గీరుకుంటూనే ఉంటాం కదా అనుకున్నాను.

పోయిన చలికాలంలో ఆయన మంచానపడ్డారు. ఆ ఖాళీలోనే నేను ఆపరేషన్ చేయించుకున్నాను. మంచం మీద కూడా ఎడమ చెయ్యి తెరిచే ఉండేది.

చెప్పాను కదా, కొన్ని తగ్గిస్తానని. ఓవర్‌బ్రిడ్జి మీద స్కూటర్లు నెమ్మదించడం నిజమే. అక్కడ గుంత ఉంది. పాలవాడు క్యాను దించేవాడు, ఆ మలుపులో రోజూ పాలు పోస్తాడు కనక. ఆఖరి పిచ్చర్నన్నది కూడా మాస్టారు అన్నమాట కాదు, నేను అనిపించుకోవాలని చూసినమాట. పాలూ స్కూటర్లూ పోతే పోనీ. కానీ బంతి మిట్‌లో పడిన చప్పుడు మాత్రం నేను నా చెవులతో విన్నాను. మోవాలో ఆ ఒంటరి మనిషికి ఆఖరి రోజుల్లో తోడు నిలిచింది ఎవరయ్యా అంటే నేనే. అది తగ్గించను.

కూడికలో ఈ మాట కూడా చెప్పే దిగాను. అందరూ భోంచేసి వెళ్ళిపోయారు. షామియానావాళ్ళు గుంజలు పీకుతున్నారు. దుర్గేశ్ వచ్చాడు. బొద్దుగా అయ్యాడు. వెనక కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నాడు. సిస్టరమ్మ వరండాలో నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒళ్ళో మాస్టారి మిట్. తోలు నల్లబడి, మధ్యలో గుంటపడి ఉంది.

“బాగా చెప్పారు అన్నయ్యగారూ,” అంది. “కానీ అంతా తిరగేసి చెప్పారండీ.”

“స్కూటర్ల సంగతేనా? అది తమాషాకి అన్నానమ్మా.”

“స్కూటర్లు కాదండీ. ఆయన ఒంటరిగా ఉండటం ఏంటి? నేను లేనా? ప్రతి ఆదివారం ఆ అబ్బాయి ఫోన్ లేదా? చర్చి లేదా? ఆయన మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. గొంతుక్కూర్చోవద్దని డాక్టరుగారి చేత తిట్టించాను కూడా. ఉద్యోగం అయ్యాక ఆ మిట్ అటక మీద పెట్టేశారు. వదినగారు పోయాక మీరొక్కరూ పొద్దున్నే ఆ గ్రౌండు చుట్టూ తిరుగుతుంటే చూసి, మళ్ళీ దింపారు.”

నేను ఆ మిట్ వైపు చూపించాను. “మరి ఆ చప్పుడో? నా బంతి పడితే...”

“మీ బంతి పడితే కదండీ!” సిస్టరమ్మ మిట్‌లోకి ఎడమ చెయ్యి దూర్చింది. కుడి గుప్పిటతో దాని మధ్యలో ఒక్క గుద్దు గుద్దింది. ఠప్. కుర్చీలు పేరుస్తున్న దుర్గేశ్ తల తిప్పి చూశాడు. “ఒక్కటంటే ఒక్కటి పడలేదండీ ఇందులో. అన్నీ ఆయనకి ఇవతలే దొర్లిపోయేవి. మీకా కళ్ళు కనపడవు. రోజూ ఆ కుడి మెటికలకి మందు రాసి ప్లాస్టరు వేసింది నేను. ఎందుకండీ ఈ గోల అంటే ఏమనేవారో తెలుసా? ‘చప్పుడు వినపడకపోతే గురూగారు రేపు ఇంట్లోంచి బయటికి రారే’ అనేవారు.”